కాయకు నష్టం లేని పువ్వు

కోనసీమ వంటింట్లో అరటిపువ్వు కూర వండాలంటే పొయ్యి వెలిగించడానికి చాలా ముందే పని మొదలవుతుంది. ముందు చేతులకు నూనె రాసుకుంటారు. పక్కన పల్చటి మజ్జిగ గిన్నె పెట్టుకుంటారు. ముదురు ఎరుపు దొప్పలు ఒక్కొక్కటే విప్పుతుంటే, ప్రతి దొప్ప కిందా లేత పసుపు పువ్వులు రెండు వరుసల్లో బయటపడతాయి. ఒక్కో పువ్వులోంచి, తలమీద బొడిపె ఉన్న గట్టి పుల్లనూ, దాని మొదట్లో ఉండే గాజులాంటి పల్చటి పొరనూ లాగి పారేస్తారు. మిగిలిన పువ్వును సన్నగా తరిగి వెంటనే మజ్జిగలో వేస్తారు. లోపలికి వెళ్లేకొద్దీ పువ్వులు చిన్నవై, చివరికి తెల్లటి మొవ్వ మిగులుతుంది. దాన్ని విప్పే పనిలేదు, అలాగే తరిగేస్తారు. ఆ తర్వాత ఉప్పు, పసుపు వేసి ఉడికించడం, నీళ్లు పిండేయడం, చింతపండు రసం, పోపు, దించే ముందు నూరిన ఆవ పెట్టడం.

ఈ చాకిరీలో ప్రతి మెట్టుకూ ఒక రసాయన కారణం ఉంది. అరటిలో కారే పాలు నీటిలో కరగవు. చేతికి అంటి ఆరితే నల్లటి మరకవుతాయి. నూనె పొర ఉంటే అవి చర్మానికి పట్టవు. కత్తి పడగానే పువ్వు కణాలు తెగుతాయి. అప్పటిదాకా కణంలో వేర్వేరు గదుల్లో ఉన్న పాలీఫినాల్ పదార్థాలు, వాటిని మార్చే ఎంజైమ్ ఒకచోట చేరతాయి. గాలిలోని ఆక్సిజన్ తోడై నిమిషాల్లో ముక్క నల్లబడుతుంది. పులుపులో ఆ ఎంజైమ్ మందగిస్తుంది కాబట్టి మజ్జిగలో ముక్కల రంగు నిలుస్తుంది.

మజ్జిగ చేసే రెండో మేలు ఇంకా గొప్పది. అరటిపువ్వు వగరుకు మూలం టానిన్లు. మన లాలాజలంలో ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉన్న ప్రోటీన్లు ఉంటాయి. నోరు జారుగా ఉండటానికి అవీ ఒక కారణం. టానిన్లు ఆ ప్రోటీన్లను పట్టుకుని ముద్దకట్టించేస్తాయి, నాలుక పిడచకట్టుకుపోతుంది. పాలలో ఉండే కేసీన్‌లోనూ ప్రోలీన్ ఎక్కువే. అందువల్ల మజ్జిగలో నానిన ముక్కల్లోని టానిన్లు కొంతవరకూ అక్కడే కేసీన్‌ను పట్టుకుంటాయి, నోటిదాకా వచ్చే వగరు తగ్గుతుంది. ఇక పారేసిన పుల్ల ఏమిటంటే అది పువ్వులోని కీలం, దాని చివరి బొడిపె కీలాగ్రం. ఎంత ఉడికించినా మెత్తబడని పీచు అది. గాజుపొర, మిగతా వాటితో అతుక్కోకుండా విడిగా పెరిగిన పూరేకు. ఈ రెండింటినీ తీయకుండా వండితే కూర నోట్లో పుల్లపుల్లలుగా తగులుతుంది.

అయితే ఒక ప్రశ్న. పువ్వును తినేస్తే అరటిపండు మాటేమిటి?

ఏమీ కాదు. అరటి గెల వేసేటప్పుడు మొదట విచ్చుకునే దొప్పల కింద ఉండేవి ఆడపువ్వులు. వాటి అండాశయాలే ఊరి కాయలై అత్తాలుగా పేరుకుంటాయి. ఆ తర్వాత గెల చివర వేలాడే మొగ్గలో ఉండేవన్నీ మగపువ్వులే, అవి ఎన్నటికీ కాయలు కావు. పైగా మన తోటల్లో పెంచే అరటి రకాల్లో ఎక్కువ వాటికి ఫలదీకరణతో పనే లేదు. కణానికి మూడు వరుసల క్రోమోజోములు ఉండటంతో అవి గింజ కట్టలేవు, పుప్పొడి సోకకుండానే కాయ ఊరుతుంది. కాబట్టి ఆ మగపువ్వులకు తోటలో చేయాల్సిన పనంటూ ఏమీ మిగల్లేదు. ఆఖరి అత్తం కట్టాక రైతు ఆ మొగ్గను కోసేస్తే దానికి పోయే పోషకం కూడా గెలకే చేరుతుంది. సంతలో అరటిపువ్వు కొంటున్నామంటే, చెట్టుకు బరువు తగ్గించి తెచ్చిన కూరగాయను కొంటున్నామన్నమాట.

తినే పువ్వుల్ని ఒక్కొక్కటే పరిశీలిస్తే ఈ పద్ధతే మళ్లీమళ్లీ ఎదురవుతుంది. పండును, కాయను, గింజను పోగొట్టుకోనక్కర్లేని చోటే వంటిల్లు పువ్వు మీద చెయ్యి వేసింది. పువ్వు మొక్కకు పునరుత్పత్తి అవయవం. దాన్ని తినడమంటే రేపటి పంటను తినడమే కావాలి. ఆ చిక్కు తెచ్చుకోకుండా పువ్వులో ఏ భాగాన్ని, ఏ వేళ, ఏ లింగాన్ని తీసుకోవచ్చో జనం తరాల అనుభవంతో కనిపెట్టారు.

గుమ్మడిపాదు ఇందుకు తేలికైన ఉదాహరణ. పాదుకు ముందుగా పూసేవి మగపువ్వులు, కొన్నాళ్లకు ఆడపువ్వులు వస్తాయి. ఆడపువ్వు అడుగున గోళీకాయంత పిందె ముందే ఉంటుంది. మగపువ్వు సన్నటి పొడుగాటి కాడ మీద నిలబడుతుంది. వంటకు కోసేది ఆ కాడపువ్వునే. గుమ్మడి పుప్పొడి బరువుగా, జిగురుగా ఉంటుంది, గాలికి ఎగరదు, తేనెటీగలే మోయాలి. అందుకే మగపువ్వుల్ని మొత్తం ఊడ్చేయకుండా కొన్నిటిని పాదుకే వదలాలి. పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని మధ్యాహ్నం లోపే ముడుచుకుపోతుంది కనుక కోత పొద్దున్నే జరగాలి. లోపలి కేసరాలు తీసేసి, మిగిలిన పసుపుగిన్నెను శనగపిండిలో ముంచి బజ్జీలు వేస్తారు. బెంగాలీలు బియ్యప్పిండి కలిపి వేయిస్తారు. గుమ్మడి పుట్టిల్లు అమెరికా ఖండాలు. మెక్సికోలో ఈ పువ్వును జున్నుతో కలిపి మొక్కజొన్న రొట్టెలో మడిచి కాలుస్తారు. ఇటలీలో పువ్వు కడుపులో జున్ను కూరి నూనెలో వేయిస్తారు. ఇన్ని దేశాల్లోనూ కోసేది ప్రధానంగా మగపువ్వునే.

మొగలి విషయంలోనూ అంతే. శ్రీకాకుళం జిల్లా దాటగానే వచ్చే ఒడిశాలోని గంజాం తీరం మొగలిపొదలకు పేరు. సువాసన అంతా మగపొదల పొత్తులదే. ఆ పొత్తుల్ని రాగి డేగిసాల్లో నీళ్లతో మరిగించి ఆవిరిని చల్లబరిస్తే వచ్చేదే బిర్యానీకి వాడే కేవ్డా నీరు. అందులో ప్రధానమైన పరిమళ పదార్థం చాలా తేలిగ్గా ఆవిరైపోయే ఒక ఈథర్. బిర్యానీ వండేవాళ్లు దాన్ని దమ్‌కు ముందు ఆఖరున చల్లి మూత బిగించడం అందుకే. మొదట్లోనే వేస్తే వీధంతా గుబాళిస్తుంది, గిన్నెలో ఏమీ మిగలదు.

ఆడ, మగ భాగాలు ఒకే పువ్వులో ఉండే చెట్లతో వ్యవహారం ఇంకోలా ఉంటుంది. మునగ చెట్టు కొమ్మ కనబడనంతగా పూస్తుంది, వాటిలో కాయగా నిలిచేవి కొన్నే. మిగిలినవి రాలిపోవడం ఎలాగూ ఖాయం. రాలినవీ, గుత్తికి కొన్ని కోసినవీ కలిపి పెసరపప్పుతోనో, కోడిగుడ్డుతోనో వండేస్తారు. అవిసెపువ్వు మనం వండే పెద్ద పువ్వుల్లో ఒకటి. చేదెక్కువ ఉండే లోపలి కేసరాలను, కీలాన్ని తీసేసి రేకుల్ని మాత్రం వేపుడు చేస్తారు.

వేపపువ్వు దగ్గర కాసేపు ఆగాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో వేపచెట్టు కింద గుడ్డ పరిచి, రాత్రి రాలిన పూతను పొద్దున్నే ఏరుకుంటారు. అర సెంటీమీటరు పొడవున్న తెల్లటి అయిదు రేకులు, మధ్యలో గొట్టంలా అతుక్కున్న పది కేసరాలు. విడిగా వాసన చూస్తే తేనె గుర్తొస్తుంది, నాలుక మీద పెడితే చేదు. వేప చేదుకు కారణం లిమనాయిడ్లు అనే పదార్థాలు. వాటిలో అందరికీ తెలిసిన అజాడిరాక్టిన్ పురుగుమందుగా పనికొచ్చేది, అది ప్రధానంగా గింజల్లో పోగవుతుంది. అందుకే పూతను చారులో వేసుకోగలుగుతున్నాం, వేపగింజను వేసుకోలేం. పూతను ఎండబెట్టి డబ్బాలో దాచుకుంటే ఏడాదంతా ఉంటుంది. నేతిలో ఎర్రగా వేయించి చారులో వేసినా, కరివేపాకు, ఎండుమిర్చితో కలిపి పొడి కొట్టినా, వేడికి పుట్టే కమ్మటి వాసన చేదును పూర్తిగా చంపకుండా దానికి తోడుగా నిలుస్తుంది.

చేదును కనిపెట్టడానికి మనిషికి సుమారు ఇరవై అయిదు రకాల గ్రాహకాలు ఉన్నాయి, తీపికి అంత వైవిధ్యం లేదు. ప్రకృతిలో విషాలు చాలావరకూ చేదుగా ఉండటం ఇందుకు కారణమని జీవశాస్త్రజ్ఞులు భావిస్తారు. ఆ హెచ్చరికను దాటుకుని వేపపువ్వును పండగ పదార్థం చేయడంలో ఉప్పు పాత్ర తక్కువది కాదు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో రుచుల మీద పనిచేసే బ్రెస్లిన్, బోషాంప్ అనే శాస్త్రజ్ఞులు 1997లో నేచర్ పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. చేదు, తీపి కలిసిన ద్రావణంలో సోడియం లవణం వేస్తే చేదు అణగి, దాని కింద నలిగిన తీపి పైకి వస్తుందని వాళ్లు చూపించారు. ఉగాది పచ్చడిలో వేపపువ్వు, బెల్లం పక్కన ఉప్పు కూడా ఉంటుంది. షడ్రుచుల లెక్క కోసం వేసిన చిటికెడు ఉప్పు, మిగతా రుచుల్ని సర్దే పని కూడా చేస్తోంది.

రంగు కోసం వండే పువ్వుల్లో శంఖుపువ్వు ఇటీవల పట్టణాల్లో బాగా కనిపిస్తోంది. వేడినీళ్లలో నాలుగు పూలు వేస్తే నీలం దిగుతుంది. నిమ్మరసం పిండగానే ఊదారంగుకు తిరుగుతుంది. థాయ్‌లాండ్‌లో దీంతో పానీయం చేస్తారు, మలేసియాలో అన్నానికి నీలిరంగు వేస్తారు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ శంఖుపువ్వు రంగును ఆహారపు రంగుగా 2021లో అనుమతించింది. ఈ నీలానికి మూలం డెల్ఫినిడిన్ అనే ఆంథోసయనిన్ పదార్థం. విశేషమేమిటంటే, ఎర్రగోంగూర కాయను కప్పే ఎర్రటి రక్షక పత్రాల్లోనూ ప్రధానమైనది డెల్ఫినిడిన్ ఆధారిత వర్ణకమే. శంఖుపువ్వులో దానికి పెద్ద పెద్ద ఆమ్ల గుంపులు అతుక్కుని, ఒకదానిమీద ఒకటి పేరుకుని, వర్ణకాన్ని నీలంగా నిలబెడతాయి. గోంగూరలో అలాంటి కవచం లేదు. పులుపు మాత్రం దండిగా ఉంది, ఆ పులుపులో వర్ణకం ఎర్రగా ఉంటుంది. గోంగూర పువ్వు మరిగించిన నీళ్లలో చిటికెడు వంటసోడా వేస్తే ఆ ఎరుపు కాస్తా పచ్చటి ఛాయలోకి మారిపోతుంది.

గోంగూరను ప్రాణంగా ప్రేమించే తెలుగువాళ్లు ఆకు కోసుకుని, ఈ ఎర్రదొప్పల్ని చాలాచోట్ల చేనుకే వదిలేయడం విచారించాల్సిన విషయం. సూడాన్, ఈజిప్టుల్లో వీటిని ఎండబెట్టి కర్కదే అనే పానీయం కాస్తారు. మెక్సికోలో ‘హమైకా నీళ్లు’ వేసవి దాహానికి వాడే మామూలు పానీయం. పూరేకులు రాలిపోయాక కాయ చుట్టూ కండపట్టిన రక్షక పత్రాలివి. లోపలి కాయను తొలిచి గింజను విత్తనానికి దాచుకుని, దొప్పను వంటకు వాడుకోవచ్చు. పచ్చిమిర్చి, వెల్లుల్లితో రోట్లో నూరిన గోంగూరపువ్వు పచ్చడి ఆకు పచ్చడికన్నా లేత పులుపుగా, పండువాసనతో ఉంటుంది. తెలిసిన ఇళ్లలో అది ఇప్పటికీ చేస్తున్నారు. బజారులో కట్టలు కట్టి అమ్మే రోజు రావాలి.

కుంకుమపువ్వులో తినేది కీలాగ్రాలను. కశ్మీర్‌లోని పాంపోర్ పొలాల్లో అక్టోబరు చివర ఊదాపూలు విరిసినప్పుడు, ఒక్కో పువ్వు నుంచి మూడే ఎర్రటి పోగులు తీస్తారు. ఒక గ్రాము ఎండు కుంకుమపువ్వుకు సుమారు 150 పూలు కావాలి. అరటిలాగే ఇదీ మూడు వరుసల క్రోమోజోములున్న మొక్క, గింజ కట్టదు, దుంపలతోనే పెరుగుతుంది. కాబట్టి కీలాగ్రాన్ని తుంచినా పోయేదేమీ లేదు. దాని రంగు పదార్థం క్రోసిన్ చక్కెరలతో ముడిపడి ఉండటంతో నీటిలో కరుగుతుంది, నూనెలో కరగదు. గోరువెచ్చని పాలలో నానబెట్టమని పెద్దలు చెప్పేది అందుకే. నేతిలో వేస్తే రంగు దిగదు. వాసననిచ్చే శాఫ్రనాల్ పోగులు ఆరేటప్పుడే ఎక్కువగా పుడుతుంది.

ఈ పద్ధతి నుంచి తప్పించుకున్నది లవంగం. ఇండోనేసియాలోని మలుకు దీవులు దాని పుట్టిల్లు. విచ్చుకోకముందే మొగ్గను కోసి ఎండబెడతారు. విచ్చిందంటే సరుకు విలువ పడిపోతుంది. అక్కడ పంటే మొగ్గ, కాయ ఎవరికీ అక్కర్లేదు. కొత్త మొక్కలకు విత్తనం కావాలంటే మాత్రం కొన్ని మొగ్గల్ని వదలాలి. కాలీఫ్లవర్ సంగతి ఇంకా వింత. తెలుగునాట రోజూ తినే పువ్వు అదే, కానీ అందులో విచ్చిన పువ్వొక్కటీ ఉండదు. పువ్వు కావాలని మొదలుపెట్టిన ప్రతి మొగ్గ మధ్యలో ఆగిపోయి, పువ్వుకు బదులు మరికొన్ని కొమ్మల్ని పుట్టిస్తుంది, ఆ కొమ్మల చివర మళ్లీ అదే జరుగుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన ఫ్రాంస్వా పార్సీ, క్రిస్టోఫ్ గోదాఁ బృందం ఈ తంతుకు కారణమైన జన్యువుల అల్లికను 2021లో సైన్స్ పత్రికలో వివరించింది.

పువ్వు అందంగా ఉంది కదా అని వంటింట్లోకి తెచ్చేవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. గన్నేరులోని ఓలియాండ్రిన్ గుండె కణాల్లో సోడియం, పొటాషియంలను అటూ ఇటూ తోడే పంపును ఆపేస్తుంది. ఉడికించినా దాని విషం విరగదు. పచ్చగన్నేరులోనూ అదే తరహా విషాలున్నాయి. ఉమ్మెత్తలో అట్రోపిన్, స్కోపలమిన్ ఉంటాయి. ఎరుపు, పసుపు జ్వాలల్లా పూసే నాభి మొక్కలో కోల్చిసిన్ ఉంటుంది. కేరళలో గన్నేరు వల్ల మరణం సంభవించిందన్న అనుమానం తలెత్తాక, నైవేద్యంలో, ప్రసాదంలో గన్నేరుపూలు వాడరాదని ట్రావన్‌కోర్ దేవస్వం బోర్డు 2024 మే నెలలో నిర్ణయించింది. మంచి పువ్వైనా ఎక్కడ పెరిగిందో తెలియాలి. దండలకు, అలంకరణకు పెంచే గులాబీల మీద పురుగుమందు కొట్టేవాళ్లు అది ఎవరో తింటారని అనుకోరు. పూలబజారు గులాబీతో గుల్కంద్ చేయడం కన్నా పెరట్లో ఒక మొక్క వేసుకోవడం మేలు. పుప్పొడి పడనివాళ్లు ఏ పువ్వుకైనా కేసరాలు తీసేసే తినాలి.

ఇక ఇప్పపువ్వు. తెలుగు నేల మీద పువ్వును ఆహారంగా ఇంత పెద్ద ఎత్తున నిలబెట్టిన చెట్టు మరొకటి లేదు. ఆదిలాబాద్ గోండుల, కొలాముల ఊళ్ల నుంచి భద్రాచలం చుట్టూ ఉన్న కోయగూడేల దాకా మార్చి, ఏప్రిల్ నెలల్లో మనుషులు పొద్దు పొడవకముందే గంపలతో అడవిలోకి వెళతారు. ఆకు రాల్చిన ఇప్పచెట్టు రాత్రి పూట పూస్తుంది. గబ్బిలాలు వచ్చి ఆ తీపికి మూగి, పుప్పొడిని చెట్టు నుంచి చెట్టుకు చేరుస్తాయి. తెల్లవారేసరికి కండగల లేతపసుపు గిన్నెలు టపటపా నేలరాలతాయి. రాలే ఆ గిన్నె పువ్వులోని ఆకర్షక పత్రావళి, కేసరాలు దానికే అంటుకుని ఉంటాయి. కీలం, అండాశయం మాత్రం కొమ్మ మీదే మిగిలి కాయ కడతాయి. వేసవి చివర ఆ కాయల గింజలు ఆడించి ఇప్పనూనె తీస్తారు. చెట్టు తన పని ముగించుకుని వదిలేసిన భాగమే మనిషికి తిండి అయింది.

ఆ తిండి సామాన్యమైనది కాదు. ఎండిన ఇప్పపువ్వు బరువులో సగానికి పైగా చక్కెరలే. ఎండుద్రాక్షలా నమలొచ్చు, ఉడికించి జొన్నతో కలపొచ్చు, వేయించి నువ్వులతో దంచి ఉండలు చుట్టొచ్చు. మధ్యభారతంలో కరువొచ్చిన ఏళ్లలో అడవి జనాన్ని బతికించిన ఆహారాల్లో ఇది ఒకటి. అంత చక్కెర ఉన్నచోట ఈస్ట్ చేరకుండా ఉండదు, అందుకే ఇప్పపువ్వు అనగానే బయటివాళ్లకు సారాయే గుర్తొస్తుంది. వలస పాలకులకూ అదే కనిపించింది. సారాయి మీద వచ్చే అబ్కారీ ఆదాయం కాపాడుకోవడానికి బొంబాయి ప్రెసిడెన్సీ ప్రభుత్వం 1892లో ఇప్పపువ్వు మీద ప్రత్యేకంగా ఒక చట్టం తెచ్చి, పువ్వును ఏరడం, దాచుకోవడం మీద ఆంక్షలు పెట్టింది. జనం తినే పువ్వును నేరవస్తువుగా చూసిన చట్టమది. ఆ ముద్ర ఇప్పపువ్వును పట్టణాల వంటిళ్లకు చాలాకాలం దూరంగా ఉంచింది.

ఇప్పుడు ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో ఆదివాసీ మహిళలు సంఘంగా ఏర్పడి ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. 2021లో ఛత్తీస్‌గఢ్‌లోని కోర్బా ప్రాంతం నుంచి ఎండు ఇప్పపువ్వు ఫ్రాన్స్‌కు ఎగుమతయింది. తిండిగా అమ్మాలంటే పువ్వుకు మట్టి, బూజు అంటకూడదు, మామూలు ఏరుడులో అది కష్టం. రాలిన పువ్వు కనపడాలని చాలాచోట్ల చెట్టు కింద ఎండుటాకులకు ముందే నిప్పు పెడతారు. ఎండాకాలపు అడవిలో ఆ నిప్పు చెట్టు కిందే ఆగుతుందన్న భరోసా లేదు. ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్‌లలో చెట్టు కింద మనిషి ఎత్తున వల కట్టే పద్ధతి మొదలైంది. పువ్వు వలలోనే పడుతుంది, మట్టి అంటదు, నిప్పు పెట్టే అవసరం రాదు, వంగి ఒక్కొక్కటే ఏరే ఆడవాళ్ల నడుముకూ ఊరట. ఉట్నూరు, భద్రాచలం అడవుల్లో ఇప్పపువ్వు ఏరే ప్రతి కుటుంబానికీ లడ్డూల యంత్రం కన్నా ముందు చేరాల్సింది ఆ వలే.